రెండో గ్లౌజు

సూర్యం పోయిన తొమ్మిదో రోజు పొద్దున్న వాళ్లమ్మ ఉషారాణి అటక మీదున్న సామానంతా కిందికి దింపేసింది. తుప్పు పట్టిన ట్రంకు పెట్టె, చిరిగిన దోమతెర, ఏనాటిదో సైకిలు పంపు, అన్నీ వరండాలో పడ్డాయి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా అబ్బాయికిచ్చిన క్వార్టరూ వాళ్ల క్వార్టరూ ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాయి. నేను మా వరండాలో కుర్చీలో కూర్చుని చూస్తున్నాను.

"ఏటమ్మా ఎతుకుతున్నావు?" అని అడిగాను.

"గ్లౌజు మావయ్యా. సూర్యం గ్లౌజు. ఒకటే ఉన్నాది. రెండోది కనబళ్లేదు."

నేను నోరు తెరిచాను. ఈలోగా ఆవిడ మళ్లీ స్టూలు ఎక్కి అటకలోకి తల దూర్చేసింది.

సూర్యం ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. ఇరవై మూడేళ్లు. బేస్‌బాల్ ఆడేవాడు. స్టేటు టీములో ఆడాడు, మూడుసార్లు నేషనల్స్‌కి వెళ్లొచ్చాడు. డెంగీ జ్వరం వచ్చింది. ఆరు రోజులు. ఏడో రోజుకి లేడు. దాని గురించి అంతకుమించి చెప్పడం నాకు చేతకాదు.

గ్లౌజు గొడవ ముందురోజే మొదలైంది. పదకొండో రోజు దానాలకి ఏమేం కావాలో చెప్పడానికి నెహ్రూ నగర్ నుంచి సత్యనారాయణమూర్తి పంతులుగారు వచ్చారు. పరుపు, దుప్పటి, గొడుగు, చెప్పులు, చెంబు, గ్లాసు అని రాయించి, "అబ్బాయికి బాగా ఇష్టమైన వస్తువు ఏదైనా ఉంటే అదీ పెట్టండి" అన్నారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఇంట్లో అందరూ దిగులుగా ఉన్నారని, కాస్త తేలికపరుద్దామని కాబోలు, చెప్పుల దగ్గర ఒక మాట కలిపారు.

"జోడు వస్తువు జోడుగానే ఇవ్వాలమ్మా. మొన్న ఒకరింట్లో కంగారులో రెండూ ఎడమకాలి చెప్పులే పెట్టేశారు. ఆ పెద్దాయన అవతల ఎలా నడుస్తున్నాడో పాపం."

అందరూ కొంచెం నవ్వారు. ఉషారాణి నవ్వలేదు. పంతులుగారు స్కూటరెక్కగానే లోపలికెళ్లి సూర్యం సంచీ బోర్లించింది. అందులోంచి ఒక తోలు గ్లౌజు పడింది. ఎడమ చేతిది.

బేస్‌బాల్లో గ్లౌజు ఒక్కటే ఉంటుంది. ఒక చేత్తో బంతి పట్టాలి, రెండో చేత్తో విసరాలి. విసిరే చేతికి గ్లౌజు ఉండదు. ఈ సంగతి నాకు తెలుసు. ఎందుకంటే ఆ గ్లౌజు ఆరేళ్లపాటు నేను కూడా తొడుక్కున్నాను.

నేను రైల్వేలో ముప్పై ఆరేళ్లు కీమేన్‌గా చేశాను. సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచి, వదులైన కీలు కొట్టి బిగించడం నా పని. ఆ పనిలో మాట్లాడడానికి పక్కన ఎవరూ ఉండరు. రిటైరయ్యేసరికి మాట్లాడే అలవాటు పోయింది. సాయంత్రాలు గ్రౌండు గట్టు మీద కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఎర్ర దారంతో కుట్టిన తెల్ల బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది.

"తాతా, ఇసురు!" అని అరిచాడు సూర్యం. అప్పటికి వాడికి పదిహేడేళ్లు. గోడ అవతలి కుర్రాడే అయినా మా మధ్య అంతవరకూ మాటల్లేవు.

విసిరాను. బంతి వాడి నెత్తి మీంచి పోయి రోడ్డు మీద ఆగున్న స్కూటరు అద్దానికి తగిలింది. స్కూటరు మనిషి చుట్టూ చూశాడు. మేమిద్దరం కూడా చుట్టూ చూశాం. ఆయన వెళ్లిపోయాక సూర్యం నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి తాతా ఈ సెయ్యి! ఇన్నాళ్లూ పెన్షను సంతకాలకే వాడుతున్నావేటి?"

మర్నాటి నుంచి మేము స్నేహితులం. వాడు మాట్లాడేవాడు, నేను ఊఁ కొట్టేవాణ్ణి. ఒకసారి ఆట నాకు అర్థమయ్యేలా చెప్పాలని నేల మీద ముగ్గు గీశాడు.

"సూడు తాతా. నాలుగు స్టేషన్లు. ఇది బిలాస్‌పూర్. ఇక్కడ బేటుతో కొట్టి బయల్దేరతావు. అది ఉస్లాపూర్. అది ఘుట్కూ. అది దాధాపారా. అన్నీ ముట్టుకుని మళ్లీ బిలాస్‌పూర్ సేరినావంటే ఒక రన్. అచ్ఛా?"

"ఘుట్కూ నుంచి దాధాపారాకి నేరుగా లైను లేదు" అన్నాను.

"ఉందనుకో తాతా."

"లేదు."

వాడు నేల మీద కూలబడి తల పట్టుకున్నాడు. "సరే, లైను నేను ఏయిస్తాను, రైల్వే మంత్రితో మాటాడతాను. ఇప్పుడర్థమైందా?"

"అంత తిరిగి బయల్దేరిన సోటికే వస్తే లాభమేటి?"

"నువ్వు ముప్పయ్యారేళ్లు సేసిందేటి తాతా మరి?"

 

టీము వాళ్లు రాని రోజుల్లో బంతి పట్టడానికి నేనే గతి. తన గ్లౌజు నా ఎడమ చేతికి తొడిగి, దూరంగా వెళ్లి విసిరేవాడు. మొదటి బంతి నా పొట్టకి తగిలింది. వాడు పరిగెత్తుకొచ్చి, నాకేమీ కాలేదని చూసుకుని, అప్పుడు తిట్టాడు. "తాతా, గ్లౌజు నీ సేతికిచ్చినాను, పొట్టకి కాదు!" నెల తిరిగేసరికి పదింట్లో ఏడు పట్టేవాణ్ణి. మా కోడలు నా అరచెయ్యి చూసి, ఈ వయసులో ఏం చేతిపని మొదలుపెట్టానో అని మా అబ్బాయిని అడిగింది.

ఉషారాణి మాత్రం ఒక్కరోజు గ్రౌండుకి రాలేదు. ఎన్నిసార్లు రమ్మన్నాడో వాడు. గోడకి ఇటువైపు నాకు అన్నీ వినిపించేవి.

"అమ్మా, ఒక్క మేచీ సూడే. ఒక్కటంటే ఒక్కటి."

"ముందు స్పోర్ట్స్ కోటాలో నౌకరీ రానీ. అప్పుడు మీ ఆఫీసర్ల పక్కన కుర్సీ ఏయించుకుని సూస్తాను. ఇప్పుడు ఎండలో నిలబడి ఏటి సూడాల?"

నౌకరీ ట్రయల్స్‌కి పిలుపు వస్తుందని ఇద్దరూ ఎదురుచూస్తూనే ఉన్నారు.

తండ్రి తిరుమలరావు గూడ్స్ బండి గార్డు. వాడు ఆడే వేళకి ఈయన ఏ కట్నీ దారిలోనో ఉండేవాడు. అందువల్ల ఆ ఇంట్లో గ్లౌజు ఒకటో రెండో తెలిసిన మనిషి లేడు. తెలిసినవాడు గోడకి ఇవతల కుర్చీలో ఉన్నాడు, వాడికి మాటలు రావు.

మధ్యాహ్నానికి ఉషారాణి అన్నయ్య ఆదినారాయణ లింగియాడీహ్ నుంచి వచ్చాడు. రైల్వే పోలీసులో హెడ్ కానిస్టేబులుగా చేసి రిటైరయ్యాడు. వస్తువు పోయిందన్న మాట చెవిన పడగానే ఆయన ముఖంలోకి రక్తం వచ్చింది. కాగితం అడిగి తీసుకుని గీతలు కొట్టాడు.

"రంగు?"

"గోధుమరంగు" అంది ఉషారాణి.

"ఆకరిసారి ఎవుడు సూసినాడు?"

"తెల్దన్నయ్యా. ఆడు సంచీలోంచి పైకి తీసేవోడు కాదు గదా."

నేను గోడ దాటి వెళ్లాను. ఇలాంటప్పుడు నేను వెళ్లడం అరుదు కాబట్టి అందరూ జరిగి చోటిచ్చారు.

"ఆదినారాయణా, దానికి జత ఉండదు" అన్నాను.

"ఎందుకుండదు మావా? మనిషికి సేతులెన్ని?"

"రెండు."

"రాసుకోండి" అన్నాడు, రాసుకుంటున్నది తనే అయినా.

"ఒక సేత్తో ఇసరాల గదా..."

"మావా, నువ్వు సదివింది మూడు క్లాసులు. నేను ముప్పై ఏళ్లు దొంగల్ని సదివినాను. టీవీలో వికెట్ కీపర్ని సూసినావా? ఒంటి గ్లౌజుతో నిలబడతాడేటి?"

నిలబడడు. అది నిజమే. దానికి ఏం చెప్పాలో ఆలోచించుకునే లోపు ఆయన తరవాతి గడి నింపుతున్నాడు. నేను గోడ దాటి వెనక్కొచ్చేశాను.

సాయంత్రం దిలీప్ వచ్చాడు. వాడిది ఛత్తీస్‌గఢీ కుటుంబం, సూర్యం టీములోనే ఆడతాడు. కాలనీలో పుట్టి పెరిగాడు కాబట్టి సగం తెలుగు, సగం హిందీ. సూర్యం పోయిన రోజు నుంచి షామియానా, కుర్చీలు, నీళ్ల డబ్బాలు అన్నీ వాడే మోస్తున్నాడు. ఆ రోజూ కుర్చీలు మోసుకొచ్చాడు. ఆదినారాయణ ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, వాణ్ణి మాత్రం నిలబెట్టాడు.

"రెండో గ్లౌజు ఎక్కడున్నాదిరా?"

"ఒకటే ఉంటాది అంకుల్. ఏక్ హీ హోతా హై."

"నీకున్నాదా గ్లౌజు?"

"ఉన్నాది."

"పట్టుకురా."

వాడు సైకిలెక్కి వెళ్లి తెచ్చాడు. ఆదినారాయణ దాన్ని తన చేతికి తొడిగి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, చాప మీద సూర్యం గ్లౌజు పక్కన పెట్టాడు. చాలాసేపు రెండింటినీ చూశాడు.

"రెండూ ఎడం సేతివే."

"అదే కదా అంకుల్ చెప్తున్నా..."

"ఆగు. అంటే ఏటన్నమాట? కొట్టువోడు నీకూ ఎడందే ఇచ్చినాడు, మావోడికీ ఎడందే ఇచ్చినాడు. కుడివి రెండూ ఆడి దగ్గర ఉండిపోనాయి."

"టీమ్ మే సబ్‌కా ఐసా హీ హై అంకుల్. అందరిదీ ఇంతే."

"అందరిదీనా?" ఆదినారాయణ కళ్లు పెద్దవయ్యాయి. "టీము మొత్తానికా? ఓలమ్మో, ఇది శానా పెద్ద కేసు."

దిలీప్ ఫోను తీసి సూర్యం ఆడుతున్న వీడియో పెట్టాడు. ఉషారాణి గభాలున ముఖం గోడకి తిప్పేసుకుంది. కదిలే కొడుకుని చూడలేనంది. ఆదినారాయణ ఒక్కడే కళ్లజోడు పెట్టుకుని చూశాడు.

"ఎప్పుడు తీసినావిది?"

"దో సాల్. రెండేళ్లైంది."

"సూసినావా ఉషా! ఇందులోనూ ఒకటే ఉన్నాది. అంటే రెండోది పోయి రెండేళ్లు దాటిపోనాది. సాక్ష్యం దొరికిందా లేదా?"

దిలీప్ నావైపు చూశాడు. నేను దిలీప్ వైపు చూశాను. ఒకడికి భాష సగం, ఇంకొకడికి మాట పావు. ఇద్దరం కలిసినా ఆదినారాయణకి చాలం.

తిరుమలరావు మూలన కూర్చుని ఉన్నాడు. "బావా, ఒగ్గీ. ఉన్నదే ఇద్దాం. ఊరినుంచి సుట్టాలు వచ్చీసినారు" అన్నాడు.

"అది దొరక్కుండా నేనేదీ ఇవ్వనివ్వను" అంది ఉషారాణి. గొంతు పెంచలేదు. "ఎల్లుండి కాకపోతే ఆ ఎల్లుండి. సుట్టాలు ఎల్లిపోతే ఎల్లిపోనీ."

వాళ్లందరూ లోపలికెళ్లాక గోడ దగ్గరికొచ్చింది.

"మావయ్యా, అక్కడ కూడా ఆడకుండా ఉంటాడేటి ఆడు? ఒక సేతికి ఉండి ఒక సేతికి లేకపోతే దెబ్బ తగలదా? బతికున్నాళ్లూ ఎల్లి సూడలేదు. పంపడమైనా సరిగ్గా పంపొద్దా?"

"ఒకటి సాలమ్మా" అన్నాను.

"ఓదారస్తున్నావు" అంది. "నాకు తెల్సు. అందరూ ఓదారస్తున్నారు."

అదీ చిక్కు. మనిషి పోయిన ఇంట్లో ఏ మాట చెప్పినా ఓదార్పు కిందే జమ అవుతుంది. నిజం కూడా.

ఆదినారాయణ అప్పటికే నిర్ణయానికి వచ్చేశాడు. కొట్టువాడి సంగతి తరవాత చూస్తానని, ముందు దిలీప్ మీద కన్నేశాడు. "ఆ గుంటడి కళ్లు సూసినారా? ఎర్రగా. దొంగ కళ్లు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. దిలీప్ తొమ్మిది రోజులుగా ఏడుస్తున్నాడు. కళ్లు ఎర్రగా కాక ఎలా ఉంటాయి?

పదో రోజు మధ్యాహ్నం దిలీప్ ఒక ప్లాస్టిక్ సంచీతో వచ్చాడు. ఉషారాణి కాళ్ల దగ్గర పెట్టి దూరంగా నిలబడ్డాడు. ఆవిడ తీసి చూసింది. గ్లౌజు. కుడి చేతిది.

"నీళ్ల ట్యాంకీ కే పీఛే మిలా, ఆంటీ. ట్యాంకు వెనకాల దొరికింది" అన్నాడు, నేల చూస్తూ.

ఆవిడ రెండు గ్లౌజులూ పక్కపక్కన ఒళ్లో పెట్టుకుని, పదిరోజుల్లో మొదటిసారి గుండెనిండా ఊపిరి తీసుకుంది. ఆదినారాయణ మీసం దువ్వుకున్నాడు.

"నిన్న నాలుగు ప్రశ్నలు తగిలించినాను గదా, తెచ్చి పెట్టీసినాడు. మా డిపార్ట్‌మెంటులో దీన్ని రికవరీ అంటారు. ఒరే, ఈసారికి కేసు రాయను. ఎల్లు."

షామియానా కింద కూర్చున్న ఆడవాళ్లు దిలీప్‌ని ఎగాదిగా చూశారు. ఒకావిడ తన చేతిసంచీ ఒళ్లోకి లాక్కుంది. ఉషారాణి మాత్రం మెత్తగానే అడిగింది.

"ఎందుకు దాసినావురా? నన్నడిగితే ఇవ్వనా?"

"గల్తీ హో గయీ, ఆంటీ. తప్పైపోయింది."

నేను వాడి వెనకే గేటు దాకా వెళ్లాను.

"ఎవరిదిరా?"

వాడు కాసేపు సైకిలు తాళంతో కుస్తీ పట్టాడు. "శ్రీనిధిది తాతా. నెహ్రూ నగర్. లేడీస్ టీములో ఆడతాది. ఆ పిల్లది ఎడం చేతివాటం, అందుకని గ్లౌజు కుడి చేతికి. పేరు రాసుంది దాని మీద, పెట్రోలు పెట్టి తుడిచినాను."

"ఆ పిల్లకి అక్కర్లేదా?"

"ఎల్లుండి సెలక్షనుంది. ఎవరిదైనా అడిగి తీసుకుంటానంది."

"ఇంకెవరికుంది కుడి సేతిది?"

"ఎవరికీ లేదు" అని ఒప్పుకున్నాడు.

"నిన్ను దొంగని సేసీసినారు గదరా."

"సూర్యం వాళ్లమ్మ కదా, తాతా. హోనే దో, పోనీ" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

నేను ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. కోడలు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది. సూర్యం ఉంటే ఇదంతా చూసి పడీపడీ నవ్వేవాడు. తరవాత దిలీప్ కోసం మేనమామ ఆదినారాయణతో కొట్లాటకి వెళ్లేవాడు. వాడు లేడు. వాడి తరఫున మాట్లాడడానికి, ఆ గ్లౌజు తొడుక్కున్నవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. లేచి బీరువాలో వెతికి, వాడు నా దగ్గర వదిలేసిన పాత బంతి తీసి లాల్చీ జేబులో వేసుకున్నాను.

పదకొండో రోజు క్వార్టర్ల మధ్య సందులో షామియానా కింద కార్యక్రమం జరిగింది. తిరుమలరావు గుండుతో, తడి పంచెతో, పంతులుగారు చెప్పినవన్నీ చేశాడు. దానాల వస్తువులు చాప మీద పరిచారు. చిట్టచివర రెండు గ్లౌజులు. ఒకటి అరిగి నల్లబడిన గోధుమరంగు. రెండోది ఎర్రటి లేసులతో, కొత్తగా, పెట్రోలు వాసనతో. పంతులుగారు వంగి చూశారు.

"ఇదేమిటి, ఇది కాస్త చిన్నదిగా ఉందే?"

"రెండేళ్లు ట్యాంకు ఎనకాల ఉన్నాది గదండీ" అన్నాడు ఆదినారాయణ. "సలికి ముడుసుకుపోనాది."

"రంగు కూడా వేరుగా..."

"ఎండకి."

పంతులుగారు చలికీ ఎండకీ మధ్య ఏదో అడగబోయి మానుకున్నారు. దిలీప్ నీళ్ల డబ్బా పక్కన నిలబడి ఉన్నాడు. వాడి చుట్టూ నాలుగు కుర్చీలు ఖాళీ.

నేను లేచాను. వెళ్లి ఉషారాణి ముందు చతికిలబడ్డాను. మోకాళ్లు టకటకమన్నాయి.

"అవి తొడుక్కోమ్మా" అన్నాను.

"నేనా మావయ్యా?"

"ఊఁ. రెండూ."

ఆవిడ పంతులుగారి వైపు చూసింది. ఆయనకి శాస్త్రంలో అడ్డమేమీ తోచినట్టు లేదు. ఎడమది తొడుక్కుంది. ఎడమ చేత్తో కుడిది తొడగబోతే జారిపోయింది. తిరుమలరావు వచ్చి సాయం పట్టాడు. రెండు చేతులకీ రెండు తోలు చేటలు కట్టినట్టుంది.

జేబులోంచి బంతి తీసి చాప మీద పెట్టాను. "తియ్యి."

తియ్యబోయింది. బంతి దొర్లి పంతులుగారి రాగిచెంబుకి తగిలి టంగుమంది. మళ్లీ తెచ్చి పెట్టాను. ఈసారి రెండు గ్లౌజుల మధ్య ఇరికించి, మసిగుడ్డతో అన్నం గిన్నె దింపినట్టు పైకెత్తింది.

"ఇప్పుడు నాకు ఇసురు."

ఊపింది. బంతి ఆవిడ కాళ్ల దగ్గరే పడింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పోయినవాడి దినం నాడు నవ్వకూడదు కదా, దాంతో ఇంకా ఎక్కువైంది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. "ఏటి మావా ఈ ఏసాలు?" అన్నాడు ఆదినారాయణ.

ఉషారాణి నవ్వలేదు. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంటోంది. ఎవరూ సాయం రాకముందే కుడి గ్లౌజు పళ్లతో పట్టుకుని లాగి పారేసింది. వట్టి చేత్తో బంతి తీసి నాకు విసిరింది. నేరుగా నా గుండెల మీదికి వచ్చింది. పట్టుకుని మెల్లగా తిరిగి విసిరాను. ఎవరూ చెప్పకుండానే ఆవిడ ఎడమ చెయ్యి ముందుకొచ్చింది. బంతి వెళ్లి గ్లౌజు మధ్యలో థప్పుమంది.

ఆవిడ గ్లౌజు మూసి, తెరిచి, లోపలున్న బంతిని చూసింది.

"ఒకటే" అంది.

"ఊఁ."

"ఇసిరే సెయ్యి కాళీగా ఉండాల."

"ఊఁ."

"మరి సెప్పొచ్చు గదా మావయ్యా!"

నేను రెండుసార్లు చెప్పాను.

ఆవిడ అన్నయ్య వైపు తిరిగింది. "ముప్పై ఏళ్లు ఏ దొంగల్ని పట్టినావన్నయ్యా నువ్వు?"

"క్రికెట్టు అయితే నేను సెప్పిందే రైటు" అన్నాడు ఆదినారాయణ. "ఆడు ఆడింది ఏరే ఆటైతే నేనేటి సెయ్యను?" అంటూనే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొట్టువాడి మీద కేసు మాత్రం ఆయన మనసులో ఇంకా మూసినట్టు లేదు.

ఉషారాణి లేచి కింద పడున్న గ్లౌజు తీసుకుని నీళ్ల డబ్బా దగ్గరికి వెళ్లింది.

"ఇదెవరిదిరా?"

"శ్రీనిధిది, ఆంటీ."

"సెయ్యని దొంగతనం సేసినానని ఒప్పుకున్నావా? బుద్ధి లేదేటి నీకు?" ఆ గ్లౌజుతోనే వాడి వీపు మీద రెండు దెబ్బలు వేసింది. మూడోది వెయ్యబోయి వాడి భుజం పట్టుకుని ఏడ్చింది. వాడూ ఏడ్చాడు. ఎవరి చేతిసంచీ వాళ్ల ఒళ్లోనే ఉంది, కానీ నాలుగు కుర్చీల్లోకీ మనుషులు జరిగి కూర్చున్నారు.

"ఇది పట్టుకెళ్లి ఆ పిల్లకిచ్చీ" అంది ముక్కు తుడుచుకుంటూ. "ఇప్పుడు కాదు. భోంచేసి ఎల్లు."

తిరుమలరావు మెల్లగా అడిగాడు. "పంతులుగారూ, మరి ఒంటి వస్తువు ఇవ్వొచ్చంటారా?"

"గొడుగు ఒకటే తెచ్చారు, నేనేమైనా జత అడిగానా?" అన్నారు పంతులుగారు. "ఒకటిగా పుట్టినదాన్ని ఒకటిగానే ఇస్తారు. దోషం లేదు. అయినా నాకెందుకు నాయనా అది, ఆడే పిల్లలకే ఇస్తాను." పళ్లెం ముందుకి జరిపారు. "రామ్మా, ఇందులో పెట్టు."

ఉషారాణి వచ్చి పళ్లెం ముందు నిలబడింది. గ్లౌజు వేళ్లు ఒక్కొక్కటీ వదులు చేసుకుంది. తియ్యలేదు.

"మావయ్యా" అంది. "ఆడు ఎంత దూరం నుంచి ఇసిరేవోడు?"

"శానా దూరం."

"ఎల్లు మరి."

నేను ఆవిడ దగ్గర్నుంచి బంతి తీసుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టాను. చుట్టాలు కుర్చీలు జరుపుకున్నారు. ఎవరో వంట గిన్నె తీసి దారి ఇచ్చారు. షామియానా దాటి, మా గేటు దాటి, సందు మలుపు దాకా వెళ్లి ఆగాను.

"అక్కణ్ణుంచేనా?" అని అరిచింది.

ఇంకొంచెం వెనక్కి జరిగాను. విసిరాను. ఆవిడ పమిట బొడ్లో దోపుకుని, రెండడుగులు పక్కకి వేసి పట్టింది. ఎవరో చప్పట్లు కొట్టి, సందర్భం గుర్తొచ్చి ఆపేశారు.

"అమ్మా, వేళ దాటిపోతోంది" అన్నారు పంతులుగారు.

"ఇంకొక్కటండీ" అంటూ బంతి నాకేసి విసిరింది.

అది పట్టి తిరిగి విసిరాను. మళ్లీ పట్టింది. మళ్లీ ఇంకొక్కటంది. పంతులుగారు పళ్లెం కింద పెట్టి, దిలీప్‌ని కేకేసి ఒక కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.